మొదటి గుక్క

"ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకక్కా, చెప్తున్నా!"

ప్రాక్టీసు అయిపోయి కిట్ సంచి భుజానికెత్తుకుంటున్న దాఫ్రోజ్‌ని ఆపి మరీ చెప్పింది వికెట్ కీపర్ సోలాంజ్. మిగతా అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. సోలాంజ్ మాత్రం నవ్వలేదు.

ఆ ఇల్లంటే కేజా ఇల్లు. గహంగా మైదానం వెనకాల గుట్ట మీదుంది. కేజా నానమ్మ ఎవరెవరికో విషం పెట్టిందని ఊరంతా అంటుంది. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఊరి నోటికి మూతెవడేస్తాడు? ఏళ్ళ తరబడి ఆ గడపలో గుక్కెడు తాగిన మనిషి లేడు.

అలాంటి ఇంటికి కేజా పిలిచింది. అదీ ఉగాండాతో మ్యాచ్ రేపుందనగా.

రువాండా జట్టులో ఎడమచేతి స్పిన్నర్‌కి చోటు ఒక్కటే. నిన్నమొన్నటిదాకా అది దాఫ్రోజ్‌ది. ఇంతలో ఈ కేజా వచ్చిపడింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. బంతి దాని వేళ్ళు చెప్పినట్టల్లా వింటుంది. రేపటి మ్యాచ్‌లో కేజా ఆడుతుందని, దాఫ్రోజ్ బెంచీ మీద కూర్చుంటుందని కోచ్ మొన్ననే చెప్పేశాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి ఒకసారి బెంచీ ఎక్కితే ఇంక దిగడమంటూ ఉండదు. ఆ సంగతి దాఫ్రోజ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. మొన్నటి నుంచీ ముద్ద గొంతు దిగడం లేదు, కంటికి కునుకు లేదు.

"చోటు లాక్కుంది చాలక మర్యాదలొకటా! ఎందుకంట పిలవడం?" అంది సోలాంజ్.

"ఏమో. పిలిచాక పోకపోతే బాగోదు కదే."

"పోతే పో. నోరు మాత్రం తడుపుకోకు. రేపు నీకేదన్నా అయిందంటే ఊరు ఊరంతా ఆ గుమ్మం ముందే ఉంటుంది."

దాఫ్రోజ్ సంచి సర్దుకుని గుట్ట దారి పట్టింది.

సన్నగా జల్లు పడుతోంది. గుట్ట మీద ఎర్రమట్టి కాలు నిలవనివ్వడం లేదు. సగం దారిలో ఆగి వెనక్కి తిరిగింది. కింద మైదానం కనిపించింది. చీర కొంగంత మేర పచ్చగా, మధ్యలో పిచ్ మీద కప్పిన పట్టా. కాసేపు అలాగే చూసి, మళ్ళీ పైకే నడిచింది.

"అక్కా! నిజంగా వచ్చావా! రావనుకున్నా!" కేజా ఎదురు పరిగెత్తుకొచ్చింది. దాఫ్రోజ్ అరచెయ్యి ఇవ్వకుండా మణికట్టు చాపింది.

"చేతినిండా మట్టే."

"జారావా? చేతులు జాగ్రత్తక్కా, మన బతుకంతా వాటిమీదే!"

లోపల పీట మీద నానమ్మ కూర్చునుంది. వచ్చిన మనిషిని రెప్ప వెయ్యకుండా చూసింది.

"మా ఇంటికెవరూ రారు తల్లీ. నీకు భయం వెయ్యలేదూ?" అని బోసినోటితో నవ్వింది.

దాఫ్రోజ్ చూపు తప్పించి ఓ పక్కన కూర్చుంది.

కేజా సొరకాయ బుర్ర తెచ్చి మధ్యలో పెట్టింది. అందులో ఒక్కటే రెల్లు గొట్టం.

"కల్లు కాదులే, రేపు మ్యాచుందిగా. పులవని అరటి రసం. నానమ్మే స్వయంగా పిండింది."

ఇక్కడ ఎవరింటికెళ్ళినా మొదటి గుక్క ఇంటివాళ్ళే తాగాలి. వచ్చినవాళ్ళకి అనుమానం ఉండకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. కేజా గొట్టం నోట పెట్టుకుని గటగటా పీల్చింది. మూతి తుడుచుకుంది.

"చూశావుగా, బతికే ఉన్నా!" అని బుర్ర దాఫ్రోజ్ చేతుల్లో పెట్టింది. "నువ్వు కానియ్యి. పల్లీలు వేగాయేమో చూసొస్తా."

ముసలమ్మ కూడా మూలుగుతూ లేచి పొయ్యి దగ్గరికే వెళ్ళింది.

దాఫ్రోజ్ ఒక్కతే మిగిలింది. బుర్ర మీదికి వంగింది. లోపల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. వంటింట్లో ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుంటున్నారు. ఆ వెంటనే నవ్వు. దాఫ్రోజ్‌కి ఇప్పుడైనా లేచి వెళ్ళిపోదామనిపించింది. బుర్ర మాత్రం కింద పెట్టలేదు.

"ఇంకా తాగలేదేంటక్కా?" కేజా పల్లీల పళ్ళెంతో వచ్చింది.

దాఫ్రోజ్ గొట్టం పెదవులకి ఆనించింది. బుగ్గలు లోపలికి లాగింది. ఒక్క చుక్క కూడా గొంతు దిగనివ్వలేదు.

"ఇంద, నువ్వూ తాగు," అంది బుర్ర తిరిగిస్తూ.

"ఓసి నా అక్కో, ఇంకా అనుమానమేనా!" కేజా పకపకా నవ్వింది. అడుగున బుడబుడమనే దాకా పీల్చి, ఖాళీ బుర్ర పక్కన పెట్టేసింది. తర్వాత దాఫ్రోజ్ దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఎందుకు పిలిచానంటే... ఇవాళ పొద్దున్నే కోచ్ దగ్గరికెళ్ళానక్కా. రేపు నువ్వే వెయ్యాలన్నాను. ఇది పోతే నీకు మళ్ళీ రాదు. నాకేం, ఇంకా బోలెడు కాలముంది. నానాతంటాలు పడి ఒప్పించా. నాకు బంతి పట్టుకోవడం నేర్పిందే నువ్వు. నీ చోట్లో నేను నిలబడి, నిన్ను బెంచీ మీద చూడాలా? నా వల్ల కాదు."

వంటింటి గుమ్మంలో నిలబడి నానమ్మ తల ఊపింది. "రెండ్రోజులుగా ఇదే గోలమ్మా దీనికి. ఎట్లా చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని."

దాఫ్రోజ్ కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

"అయ్యో, ఏడుస్తావేంటి? ఊరి మాటలు నమ్మి మమ్మల్నేదో అనుకున్నావు, అంతేగా!" అంటూ కేజా మళ్ళీ నవ్వబోయింది.

ఆ నవ్వు పూర్తికాక ముందే దాఫ్రోజ్ ఆ పిల్లని జుట్టు పట్టి వంచేసి, గొంతులోకి వేళ్ళు దూరుస్తూ, "కక్కవే నా తల్లీ, నువ్వు లోపలికెళ్ళినప్పుడు నేను కలిపిందంతా కక్కెయ్యవే!" అని గావుకేక పెట్టింది.