గరుకు

“ఇంకా ఎంతసేపు రుద్దుతావు?” నర్సు నోరీన్ గట్టిగా అరిచింది.

అపిసాయి తలెత్తలేదు. బోర్లించిన ఫైబర్ పడవ అడుగున జానెడు పగులు. దాని చుట్టూ గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. మోచేతుల దాకా తెల్లటి గాజుపొడి.

“ఈ మెరుపు పోవాలి నర్సమ్మా. లోపలి నార కనబడాలి. నున్నటిదాని మీద అతుకు పట్టదు. నడిసముద్రంలో ఊడి చేతికొస్తుంది.”

“అక్కడ పసిగుడ్డు ప్రాణం పోతోంది!”

“తెలుసు,” అని మళ్లీ రుద్దసాగాడు.

పడవల పాక అవతల సైనిమేరె ఏడు నెలల కొడుకుని ఒళ్లో వేసుకుని కూర్చుంది. తెల్లవారినప్పటి నుంచీ అదే వరస. పిల్లాడు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కెవ్వుమంటాడు, కాసేపటికి తోటకూర కాడలా వాలిపోతాడు. పచ్చటి వాంతులు. గుడ్డలో నెత్తురు కలిసిన జిగురు. చొక్కా చెయ్యి లోపలికి మడతపడ్డట్టు పేగు పేగులోకి దూరిపోయిందని పొట్ట తడమగానే నోరీన్‌కి తెలిసింది. సాయంత్రంలోగా సముద్రం అవతల సువా పట్నం ఆసుపత్రికి చేరిస్తే కింది నుంచి గాలి ఎక్కించి మడత విప్పుతారు. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది. రేడియోలో అడిగితే ఓడ రేపే అన్నారు. ఊళ్లో మగవాళ్లంతా పడవలేసుకుని వేటకి పోయారు. మిగిలింది ఈ పగిలిన పడవ, అపిసాయి, ముసలి వైసాకె.

నోరీన్ మెల్‌బోర్న్ నుంచి ఈ దీవికి వచ్చి పది రోజులే అయింది. అయినా మనుషుల్ని ఇట్టే చదివేయగలనని ఆమె నమ్మకం. అంత దగ్గర్లో బిడ్డ ఏడుస్తుంటే ఆ మనిషి అటు తిరిగైనా చూడడేం? ఇందాక సైనిమేరె నీళ్ల కోసం పాకలోకి వస్తే, చేతిలో పని వదిలేసి అవతలికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లాకే తిరిగొచ్చాడు.

సైనిమేరె కూడా తక్కువేం కాదు. “ఇంకెంతసేపు పడుతుందో వారిని అడుగుతారా?” అంది, నేల చూపులు చూస్తూ.

“నువ్వే అడుగు. నోరు లేదా?”

సైనిమేరె తల అడ్డంగా ఊపింది. అతని పేరైనా పలకలేదు.

పిల్లాడి నుదురు తుడుస్తూ నోరీన్ చెయ్యి ఆగింది. ఆ వెడల్పాటి నుదురు, కలిసిపోయిన కనుబొమలు అచ్చు పడవ దగ్గరున్న మనిషివే. ఇంకేం, అంతా అర్థమైపోయింది. ఆమె విసవిసా పాకలోకి నడిచింది.

“ఆవిడ మీద కోపం బిడ్డ మీద తీర్చుకుంటున్నావా?”

అపిసాయి మొదటిసారి పని ఆపాడు. “ఆవిడ మీద నాకు కోపమేంటి? ఉడికించిన కర్రపెండలం పంపాను. తిన్నారో లేదో కాస్త కనుక్కోండి.”

“నువ్వే వెళ్లి కనుక్కో!”

వైసాకె బోసినోటితో నవ్వాడు. “అతుకు ఎండకి ఆరుతుంది నర్సమ్మా, మీ అరుపులకి కాదు.”

చివరికి మెరుపంతా పోయి పగులు చుట్టూ నార తేలింది. అపిసాయి దాన్ని శుభ్రంగా తుడిచి, గాజునార గుడ్డ పొరలు పొరలుగా పరిచి, రెసిన్ జిగురు పట్టించాడు. అది గట్టిపడేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

పడవని నీళ్లలోకి దించారు. వైసాకె వెనక ఇంజను దగ్గర కూర్చున్నాడు. అపిసాయి ముందు కొసన, నడుమనున్న తల్లీబిడ్డలకీ నోరీన్‌కీ వీపు పెట్టి కూర్చున్నాడు. అలలు అడుగుని దబదబా బాదుతుంటే నోరీన్ కళ్లు అతుకు మీదే ఉన్నాయి. ఒక్క చుక్క నీరు రాలేదు. సగం దారిలో పిల్లాడి ఏడుపు ఆగిపోయింది. సైనిమేరె గొల్లుమంది. నోరీన్ పిల్లాడి గుండె మీద చెవి పెట్టి, “కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది!” అని అరిచింది. అపిసాయి తల రెండు మోకాళ్ల మధ్యకి వాలింది. అప్పుడు కూడా వెనక్కి తిరగలేదు. ఛీ, ఏం మనిషి అనుకుంది నోరీన్.

సువాలో డాక్టర్లు క్షణం ఆలస్యం చెయ్యలేదు. మూడోసారి గాలి ఎక్కించినప్పుడు మడత విడిపోయింది. గంటకల్లా పిల్లాడి ఒంటికి రంగొచ్చింది. నోరీన్ గోడకి ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

అపిసాయి గేటు దగ్గర మెట్ల మీద ఉన్నాడు. అరచేతులు తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. బిడ్డ బతికాడని చెప్పగానే ఆ చేతులతోనే ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నోరీన్ కోపం సగం కరిగింది. “ఇంత ప్రేమ దాచుకుని ఆ పంతమెందుకయ్యా? ఇప్పుడైనా లోపలికెళ్లి నీ పెళ్లాంతో ఒక్క మాట మాట్లాడు.”

అపిసాయి ఆమె వైపు తెల్లబోయి చూశాడు.

“తోడబుట్టిన చెల్లెల్ని ఎదురుపడి పలకరించి చిన్నబుచ్చే అన్న మా దీవిలో ఎవడూ లేడు నర్సమ్మా.”