ఎర్రమున్ కుర్చీ

"ఆ కుర్చీ కాదు."

షుబాన్ గబుక్కున వచ్చి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

బల్ల మొదట్లో ఉన్న కుర్చీ అది. చేపల పడవ నడిపిన షుబాన్ తాత ఎర్రమున్‌ది. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. మగవాళ్లంతా కలిసి వండుకు తినే ఈ వంటల సంఘంలో ఇప్పటికీ అందులో ఎవరూ కూర్చోరు.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. షుబాన్ వినలేదు. తలుపు పక్కన, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఉన్న స్టూలు వేలితో చూపించాడు.

ముసలాయన వెళ్లి కూర్చున్నాడు. చంకలోని రేకు డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవరు మామా ఈ శాల్తీ?"

పొయ్యి దగ్గర ఉన్నది లాండెర్. సంఘంలో అందరికీ మామే. తల తిప్పలేదు. పచ్చ పులుసు చిక్కబడేదాకా చేపల మూకుడు కుదుపుతూనే ఉండాలి.

"లాడ్జి నడిపే ఆవిడ పంపింది. ఎక్కడో నార్వేట. మన తిండి తిని, మన పాట విని పోతాడట."

"ఇవాళే దొరికిందా?"

"ఓ ముద్ద పెడితే మన సొమ్మేం పోయిందిరా."

ఇవాళ ఎర్రమున్ పేరు మీద భోజనాలు. అప్పటికప్పుడు పాట కట్టడంలో ఈ దొనొస్తియా రేవు ఊరు మొత్తంలో ఆయనకు సాటి లేరని చెప్పుకుంటారు. చెప్పుకోవడం వరకే. ఆ రోజుల్లో సర్కారు నిషేధించిన ఈ భాషలో పాటంటే తలుపులు వేసుకుని పాడుకోవాల్సిందే. ఆయన గొంతు ఎవరి దగ్గరా మిగల్లేదు.

తాత పోయాకే షుబాన్ పుట్టాడు. తాత విద్య మాత్రం అబ్బింది. ఆ గొంతు కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నాడు. రేడియో వాళ్లను అడిగాడు. ఫాదరీలను అడిగాడు. రేవులో ముసలివాళ్లనందరినీ అడిగాడు. ఒక్క పాదం దొరికినా చాలు అనేవాడు.

చేప వచ్చింది. ఆపిల్ కల్లు వచ్చింది. పదిహేను మంది మగవాళ్ల నోళ్లు లేచాయి.

"పాడరా షుబాన్."

"దేని మీద?"

"ఆ మూలనున్న దొర మీద కట్టు."

"వద్దురా. పిలిచి అన్నం పెడుతున్నాం" అన్నాడు లాండెర్.

"ఆయనకి అర్థమై ఏడిస్తే కదా మామా."

షుబాన్ లేచాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మన చేప తింటాడు, ముల్లు తీయడం రాదు,
మన పాట వింటాడు, ముక్క బోధపడదు,
ఒళ్లో డబ్బా దేనికో అడగక్కర లేదు,
కడుపైతే నిండుతుంది, చెవి నిండేది కాదు."

చివరి పాదం పాడగాడితో కలిసి అందరూ పాడాలి. అది ఆనవాయితీ. పాడారు. బల్ల గుద్దుతూ నవ్వారు.

ముసలాయన పెదవులు కూడా కదిలాయి. పులుసులోని బఠాణీలు నములుతున్నాడనుకున్నాడు షుబాన్.

నవ్వులు ఆగాక ముసలాయన మెల్లగా చప్పట్లు కొట్టాడు. లేచాడు. బల్ల మొదట్లోని ఖాళీ కుర్చీ వైపు కాసేపు చూశాడు. డబ్బా స్టూలు మీద పెట్టాడు. లాండెర్‌కు తల వంచి నమస్కారం చేశాడు.

"కడుపు నిండిందా దొరా?" ఎవడో అరిచాడు.

ముసలాయన తల ఊపి, తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్లిపోయాడు.

పాడినవాడే ఆ పూట గిన్నెలు కడగాలి. షుబాన్ ముసలాయన పళ్లెం తీశాడు. చేప ముళ్లు వరుసగా, దువ్వెన పళ్లలా పేర్చి ఉన్నాయి. మెతుకంత కండ లేదు.

లాండెర్ ఆ పళ్లెం చూశాడు.

"ఇలా తినేది పడవ మీద పనిచేసినవాడేరా."

షుబాన్ పళ్లెం తొట్టిలో పెట్టాడు.

"డబ్బా కూడా మర్చిపోయాడు. ఏముందో చూడు."

మూత మీద చిన్న కాగితం అంటించి ఉంది. 'ఎర్రమున్ ఇంటివాళ్లకు. హల్వొర్.'

"మన భాషలోనే రాశాడు" అన్నాడు షుబాన్.

బల్ల దగ్గరివాళ్లు లేచి చుట్టూ చేరారు.

లాండెర్ లాడ్జికి ఫోన్ చేశాడు. విన్నాడు. పెట్టేశాడు.

"మూడింటి రైలుకి వెళ్లిపోతాడట."

గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

పదిహేను మందిలో ఒక్కడు కూడా ఆయన పేరడగలేదు. షుబాన్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది.

డబ్బాలో పాత టేప్ రికార్డర్ ఉంది. లోపల ఒక క్యాసెట్. షుబాన్ తడిచేతులు చొక్కాకు తుడుచుకుని మీట నొక్కాడు.

ముందు అలల చప్పుడు. పడవ ఇంజను. ఎవరెవరో నవ్వడం. తర్వాత ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

లాండెర్ నెత్తిమీద టోపీ తీసేశాడు.

"ఆయనేరా" అన్నాడు.

టేపులో ఎర్రమున్ పాడాడు.

"పడవెక్కిన నాడు వీడికి మన మాటొక్కటి రాదు,
చలికాలం దాటేసరికి రానిదంటూ లేదు,
నేను లేని నాడొస్తే గుమ్మంలో ఆపరాదు,
నా కుర్చీ హల్వొర్‌ది, ఇంకెవ్వరిదీ కాదు."

చివరి పాదాన్ని ఎర్రమున్‌తో కలిసి ఇంకో గొంతు అందుకుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు, కాస్త పరాయి యాస, ఒక్క అక్షరం తప్పు పోలేదు.