మేక నమిలిన ముగింపు

ముళ్లపంది తన ముల్లే పీకి, మోదుగాకుల మీద తొలి నవల రాసింది. అడవిలో పుస్తకాలు వేసే కొంగ దాన్ని విప్పనైనా విప్పకుండా, "పేరున్నవాళ్లవే వేస్తాం" అంది. ముళ్లపందికి ఒళ్లు మండింది. తానే ప్రతులు రాసి, విస్తళ్లు కుట్టినట్టు పుల్లలతో కుట్టి, ఆవిష్కరణ సభ పెట్టింది. నెమలి పైఆకు మాత్రం చూసి గంటసేపు పొగిడింది. చదవకుండా పొగిడే నోళ్లకు ఏ అడవిలో కరువు? అందరూ ఊరికే వచ్చిన ప్రతులు చంకన పెట్టుకుని, "తప్పకుండా చదువుతాం" అంటూ వెళ్లారు.

వారం తిరక్కుండానే కుందేలు ఆ ఆకుల్ని పడకగా పరుచుకుంది. కోతి వాటిలో నేరేడుపళ్లు పొట్లం కట్టింది. ఒక్కరు చదివినా చాలు కదా అని ముళ్లపంది కుమిలిపోతుంటే, మేక రొప్పుతూ వచ్చింది.

"అత్తా, నీ పుస్తకంలో చివరి ఆకులు తినేశాను."

"రుచిగా ఉన్నాయా?" అంది ముళ్లపంది, ముళ్లు నిక్కబొడుచుకుని.

"వగరు. నములుతూ నములుతూ మొదటి ఆకు మీద చూపు వేశాను. ఇక వదల్లేకపోయాను. ఆ తాబేలు పిల్ల ఏరు దాటిందా, లేదా? అది తెలియక మేత సయించడం లేదు."

ముళ్లపంది ముళ్లన్నీ మెత్తగా వాలిపోయాయి.

"నోటితో చెప్పను. కూర్చో, మళ్లీ రాసిస్తాను. ఈసారి నమలకుండా చదువు."