వద్దన్నాక కూడా

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముస్తకీమ్ మండిపడ్డాడు. "లోన్ వద్దని పొద్దున్నే చెప్పిన గదమ్మా! వద్దన్నోళ్లకు గిట్ల అంటగట్టుడేంది? సిగ్గనిపిస్తలేదా?"

ఒక్క నిమిషం వినమని అవతలి అమ్మాయి బతిమాలుతుండగానే ఒంటిచేత్తో కాల్ కట్ చేశాడు.

"చూసినవామ్మా, ఎట్ల సతాయిస్తరో!" అన్నాడు, పర్ణశాల గుడి చూసొస్తూ తన గాజుల దుకాణం ముందు ఆగిన నాగలతతో.

"అవ్," అన్నది నాగలత. "నాకు కూడా గాజులు వద్దు అన్నా. సైజు చూస్తనని తొడిగినవి తియ్యి. బస్సు పోతది."

"వేసిన గాజులు తియ్యొద్దమ్మా, మంచిది కాదు. ఇంకో రెండేస్తే చెయ్యి నిండుతది," అంటూ అతను మరొకటి ఎక్కించాడు.

నాగలత నిట్టూర్చింది. "నువ్వంటే ఫోన్ పెట్టేసినవ్ అన్నా. నేనెట్ల తప్పించుకోవాలె? నా చెయ్యి ఇంకా నీ చేతిలనే ఉన్నది."