మొండి తాడి దగ్గర ఐదు నిమిషాలు

“నవంబరు రెండో తారీఖు ఆదివారం బాబాయ్. బోటు ఫుల్లు. సోమవారం రండి, కిటికీ పక్కన కూర్చోబెడతా.”

“రెండో తారీఖే కావాలి.”

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల పక్కనున్న ట్రావెల్స్ ఆఫీసది. కరిముల్లా పదిహేనేళ్ళుగా అక్కడ కూర్చుని జనాన్ని పాపికొండలు పంపిస్తున్నాడు. తను వెళ్ళింది ఒక్కసారే, అదీ బోట్లో నిద్రపోయాడు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న జయపాల్‌కి అరవై దాటాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. ఒళ్ళో గుడ్డసంచీ.

“ఒక్కరోజే సెలవిచ్చారు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చెయ్యాలి. అవుతుందా?”

“ఎందుకవదు? తెల్లారుజామున మూడున్నరకి మీ బెంజ్ సర్కిల్లోనే బస్సు. హనుమాన్ జంక్షన్లో టీ. ఎనిమిదిన్నరకి గండి పోచమ్మ గుడి దగ్గర బోటు. టిఫినూ భోజనం బోట్లోనే. రెండు పక్కలా నేషనల్ పార్కు అడవి, మధ్యలో గోదారి. కొండలు దగ్గరికొచ్చే చోటు చూడాలి బాబాయ్! ఓరగా తెరిచిన తలుపులోంచి దూరినట్టే ఉంటుంది.”

“కొండలు అక్కర్లేదు.”

కంప్యూటర్ దగ్గర టికెట్లు కొడుతున్న అఫ్సా తలెత్తింది. కరిముల్లా మేనకోడలు.

“పోచమ్మ గుడి దాటిన అరగంటకి ఎడంచేతి వైపు మొండి తాడి కనిపిస్తుంది,” అన్నాడు జయపాల్. “తల లేదు దానికి. అక్కడ ఐదు నిమిషాలు ఆపాలి.”

“ఆ తాడిచెట్టా? ప్రతి బ్యాచ్చీ దాని ఫొటో పంపిస్తారు నాకు. అక్కడ మీకేం పని?”

“మా ఆవిడ ఉంది.”

“అక్కడ ఊరుందా?”

“ఉంది.”

“మరి ఆవిడ అక్కడ, మీరిక్కడ?”

“నేను వచ్చేశాను. ఆవిడ రాలేదు. ఆరేళ్ళయింది.”

కరిముల్లా పెన్ను కింద పెట్టాడు. ఇది టికెట్ల సంగతి కాదని అర్థమైంది.

“ఆరేళ్ళే!” అంది అఫ్సా. “మా మామీ అలిగి మూడ్రోజులు బందరు వెళ్తేనే మామూ హోటలు కూడు తిని సెలైన్ పెట్టించుకున్నాడు తాతయ్యా.”

“నీ పని చూసుకోవే,” అన్నాడు కరిముల్లా. “తప్పెవరిది బాబాయ్?”

“నాది కాదు. ఆవిడదీ కాదు.”

“మధ్యలో మూడోవాళ్ళు దూరారన్నమాట.”

జయపాల్ నవ్వలేదు. “ఆవిడకి నేనేం తక్కువ చెయ్యలేదు. ఆవిడుండే చోటికి ఏటా నా చేతుల్తోనే సున్నం వేసేవాణ్ణి.”

“అంత చేసినా పంతమేనా! సరే, రెండో తారీఖే ఎందుకు? పెళ్ళిరోజా?”

“కాదు. ఆ రోజు అందరూ వాళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్తారు. ఆరేళ్ళుగా నేను వెళ్ళలేదు.”

వాళ్ళ ఊరి పండగ కాబోలు అనుకున్నాడు కరిముల్లా.

“వట్టి చేతుల్తో వెళ్ళకండి తాతయ్యా,” అంది అఫ్సా. “మల్లెపూలు తీసుకెళ్ళండి.”

“చామంతులు.”

“చామంతులకి ఎవరు కరుగుతారు?”

“తెరేసమ్మకి అవే ఇష్టం.” జయపాల్ సంచీలోంచి ఒక కాగితపు పొట్లం తీశాడు. “ఇవి బోటు ఎక్కనిస్తారా?”

కరిముల్లా విప్పి చూశాడు. డజను కొవ్వొత్తులు. పక్కనే అగ్గిపెట్టె.

“కొవ్వొత్తులెందుకు? కరెంటు లేదా అక్కడ?”

“లేదు.”

“కొవ్వొత్తులు పర్లేదు. అగ్గిపెట్టె మాత్రం రేవులోనే తీసేసుకుంటారు. అక్కడికెళ్ళాక ఎవరినో అడిగి వెలిగించుకోండి.”

జయపాల్ అగ్గిపెట్టెని టేబుల్ మీద కరిముల్లా వైపు తోశాడు.

“అయితే ఇది మీరే ఉంచుకోండి.”

కరిముల్లాకి ఆ ముసలాయన మీద జాలేసింది. జాలి అతని వ్యాపారానికి పడదు. అయినా లిస్టు ఇంకోసారి చూశాడు. ఖాళీ లేదు.

“వంటవాళ్ళ పక్కన స్టూలుంటుంది. పొగొస్తుంది, బయటికేమీ కనపడదు. కూర్చుంటారా?”

“కూర్చుంటాను. ఎడమ వైపేగా?”

“ఎడమ వైపే.”

జయపాల్ డబ్బు కట్టాడు. అఫ్సా టికెట్టు కొట్టింది. కరిముల్లా బోటు నడిపే సరంగుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

“దేవేంద్రా, రెండో తారీఖు మొండి తాడి దగ్గర ఐదు నిమిషాలు ఆపాలి. మనవాడొకాయన దిగుతాడు.”

“దిగడమేంటన్నా?” అన్నాడు దేవేంద్ర. “అక్కడ రేవు లేదు. కావాలంటే ఇంజను ఆపి ఐదు నిమిషాలు నిలబెడతా. దిగడం కుదర్దు.”

ఫోన్ పెట్టేసి కరిముల్లా తల గోక్కున్నాడు. “విన్నారుగా బాబాయ్. ఆవిడనే ఏ నాటు పడవలోనో బోటు దగ్గరికి రమ్మని కబురు పెట్టండి.”

“రాలేదు.”

“ఇంకా పంతమేనా? కాళ్ళు బాగాలేవా?”

జయపాల్ టికెట్టు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొవ్వొత్తుల పొట్లం సంచీలో సర్దుకుని లేచాడు.

“బోటు ఆపితే చాలు. పూలు పైనుంచి వేస్తాను.”

“మీరు దిగరు, ఆవిడ రాదు. పూలు నీళ్ళల్లో వేస్తే ఆవిడకెలా అందుతాయండీ?” అంది అఫ్సా.

జయపాల్ గుమ్మం దగ్గర ఆగాడు.

“ఊరితో పాటు ఆవిడ సమాధీ ఆ ప్రాజెక్టు నీళ్ళ అడుగునే ఉంది.”