వరుస చివర నిలబడ్డ మాస్టారు

"లెక్కల మాస్టారేరయ్యా ఇందులో?" అని గోడమీది పాత గ్రూపు ఫొటో చూస్తూ అడిగింది హెడ్మిస్ట్రెస్.

పటాలు కట్టేవాడు నిచ్చెన దిగకుండానే జవాబిచ్చాడు. "ఆ అంచు చెమ్మకి పాడైందమ్మా. అట్టతో కప్పేశాను."

అది అబద్ధం. ముప్పై ఏళ్ల కిందట ఇదే హాలు ముందు, చొక్కా చిరిగిందని మాస్టారు అప్పట్లో ఈ బళ్లోనే చదువుకుంటున్న అతన్ని ఈ గ్రూపు ఫొటో వరుసలోంచి బయటికి నెట్టాడు. సరిగ్గా అప్పుడే కెమెరా నొక్కారు. మాస్టారి చాచిన చెయ్యీ, దాని పక్కన చిరిగిన చొక్కా చెయ్యీ అందులో పడ్డాయి. రేపు బడి వందేళ్ల ఉత్సవంలో మాస్టారి మొహం ఎవరికీ కనపడకూడదనే అతను అట్టను రెండంగుళాలు వెడల్పుగా కోశాడు.

హెడ్మిస్ట్రెస్ పక్కనే కర్ర ఊతంగా నిలబడ్డ మాస్టారు మండిపడతాడని ఎదురుచూశాడు.

మాస్టారు పటం వంక చాలాసేపు చూసి, తేలిగ్గా ఊపిరి వదిలాడు. "పోనీలేమ్మా, అలాగే ఉండనీ. నేను లేకపోతే ఏం కొంపలు మునిగాయి?"

"అదేంటండీ, రేపు మొదటి సన్మానం మీకేగా."

"అందుకేనమ్మా. పిల్లలు చూస్తే ఏవేవో అడుగుతారు."

పటాలు కట్టేవాడికి అప్పుడు తెలిసింది. పగ తీర్చుకుంటున్నాననుకుని తను ముసలాయన నెత్తిన పాలు పోశాడు.

పటం దింపి, బోర్లించి, పట్టకారుతో మేకులు పీకడం మొదలుపెట్టాడు.

"చెమ్మ అంతేమీ లేదు లెండి. మొత్తం కనపడేలా కట్టి, రేపు వేదికమీద మీ కుర్చీ వెనకే తగిలిస్తాను మాస్టారూ. ఆ చిరిగిన చొక్కా ఎవరిదని పిల్లలు అడిగితే మీరే చెప్పండి. నేనూ వింటాను."