వెనక అట్ట

దత్తత రిజిస్టరులో అమ్మ పేరు కనబడగానే రిజిస్టరు గభాల్న మూసేశాను. వంశవృక్షం గీద్దామని సరదాగా వచ్చి ఇందులో ఇరుక్కున్నాను. అమ్మమ్మ తనను కన్నతల్లి కాదని అమ్మకు ఏ నోటితో చెప్పను?

పారిపోదామని లేచాను. రికార్డు గదికి లోపల్నుంచి తాళం వేసుకుని కూర్చున్నాడు గుమాస్తా.

“చూసినవాళ్లు వెనక అట్ట మీద సంతకం పెట్టాలమ్మా. పెడితేనే తాళం తీస్తా.”

అట్ట తిప్పాను. అప్పటికే ఒక సంతకం ఉంది, ముప్ఫయ్యేళ్ల కిందటి తేదీతో. నా ప్రోగ్రెస్ కార్డులన్నింటి మీదా అమ్మ పెట్టింది అదే సంతకం.

దాని కిందే నాదీ గీకి బయటపడ్డాను. ఫోన్ మోగింది.

“ఏమైనా దొరికిందా?” అమ్మ అడిగింది.

“ఏం దొరకలేదమ్మా.”



“అప్పుడు నాకూ దొరకలేదులే. ఉండు, అమ్మమ్మకిస్తాను.”